చప్పుడు చేసే బూట్లు

ఫిబ్రవరి 3

మామయ్యా,

ఫోను చేస్తే "ఆ", "ఊ", "సరే ఉంటా" తప్ప నాలుగో మాట నీ నోట రాదు. అందుకే ఉత్తరం. నీతో ఒక పని పడింది. అది నీ ఆకీ ఊకీ లొంగేది కాదు.

నేనిక్కడ ఏం చేస్తున్నానని ఎవరైనా అడిగితే "కంప్యూటరేదో" అని తప్పించుకుంటావట. ఈసారి సరిగ్గా చెప్పు. మేం తయారుచేసేవి స్టెల్త్ గేములు. అంటే దాక్కుంటూ ఆడే వీడియో ఆటలు. ఆడేవాడు దొంగ. ఓ పెద్ద భవనంలోకి దూరాలి. ఎవరి కంటా పడకూడదు, ఎవరి చెవినా పడకూడదు. నీడలో నక్కాలి, బీరువాలో దాక్కోవాలి, కాపలావాడు అటు తిరిగేదాకా ఊపిరి బిగబట్టాలి. ఆ కాపలావాళ్ళు ఎటు నడవాలి, ఎక్కడ ఆగాలి, తమలో తాము ఏం గొణుక్కోవాలి అన్నది రాసేదాన్ని నేను. కొత్త ఆటలో భవనం ఒక మ్యూజియం. ఇరవై ఆరేళ్ళుగా మ్యూజియంలో రెండో అంతస్తు కాపలా కాస్తున్న మామయ్యని చంకలో పెట్టుకుని ఊరంతా వెతకనా?

కాబట్టి నీ చుట్టు ఎక్కడ మొదలవుతుంది, ఎక్కడ ఆగుతావు, ఏం గొణుగుతావు, అన్నీ రాసి పంపు. సిగ్గుపడకు.

ఈ ఆటలు ఆడీ ఆడీ మా ఆఫీసు జనం ఎలా తయారయ్యారో చూస్తే నవ్వుతావు. ఎవరూ ట్యూబులైటు వెయ్యరు. గోడవారగా నడుస్తారు. వీపు గోడకి ఆనాలి, ద్వారం కళ్ళెదుట ఉండాలి. అలాంటి కుర్చీ కోసం పొద్దున్నే పోటీ. ఆటని ఆడి తప్పులు పట్టే అతనొకడున్నాడు. అద్దె ఇల్లు చూడ్డానికి వెళ్ళి వంటగది చూడలేదట, కిర్రుమనే మెట్లెన్నో లెక్కపెట్టి వచ్చాడు. నేనేం తక్కువ తిన్నానా? మా వాటాలో పక్కగదుల్లో ఇద్దరమ్మాయిలు ఉంటారు. వాళ్ళు వంటగదిలోంచి వెళ్ళిన చప్పుడు విన్నాకే నేను వెళ్ళి తింటాను. ఏడు నెలలైంది, వాళ్ళకి నా మొహం సరిగ్గా తెలియదు. అదో సరదా.

తొందరగా రాయి.

నీ పిల్లి


ఫిబ్రవరి 11

పిల్లికి మామయ్య రాస్తున్నదేమంటే,

ఈ కాగితాల వెనకవైపు పాత ప్రదర్శన కరపత్రం ఉంది. పారేస్తుంటే తెచ్చుకున్నాను, చదవక్కర్లేదు.

నేను కాపలా కాసి పెంచిన పిల్ల దొంగలకి దారి వేసే ఉద్యోగం చేస్తోందన్నమాట. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అన్నారా. సరే, అడిగావు కాబట్టి రాస్తున్నాను. ఇందులో దాచాల్సిందేమీ లేదు, టికెట్టు కొన్న ప్రతివాడూ చూసేదే.

మెట్ల దగ్గర మొదలుపెడతాను. నాణేల గది, దీపాల గది, చివర పింగాణీ గది. చుట్టుకి ఇరవై నిమిషాలు. నా బూట్ల మడమలకి ఇనప లాడాలు కొట్టించుకుంటానని నీకు తెలుసు. "దొంగకి ముందే తెలిసిపోదా?" అని తోటివాళ్ళు నవ్వుతారు. తెలియాలనే. దొంగని పట్టుకోవడం పోలీసుల పని. దొంగకి ఆ బుద్ధి పుట్టకుండా చూడటం నా పని.

గురువారాల్లో ఒక రిటైరైన టీచరమ్మ వస్తారు. పింగాణీ గదిలో నీలం కూజా ఎదురుగా బల్ల మీద కూర్చుంటారు. చూపు బాగా మందగించింది. గోడ గడియారం కనబడదు. ఆవిడ వచ్చాక నా బూట్లు మూడోసారి వినబడితే లేస్తారు. కిందికి దిగేసరికి నాలుగింటి బస్సు. ఇది మా ఇద్దరికీ తెలిసిన ఏర్పాటు, ఎప్పుడూ పైకి అనుకున్నది లేదు.

ఇక గొణుగుడు. "కిటికీ గడియ వేశానా?" అంటాను. "ఈ మోకాలు నాదేనా, ఎవరిదైనా తగిలించారా?" అంటాను. చుట్టు పూర్తయినప్పుడు మాత్రం "అన్నీ ఉన్నాయి, నేనూ ఉన్నాను" అంటాను. ఎందుకని అడక్కు, అలవాటు.

ఇంకో మాట. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ ఎవరూ చూడటం లేదనుకుంటుందట. ఆ అమ్మాయిలకి నువ్వు తినే సంగతి తెలియదనుకుంటున్నావా? కడిగిన గిన్నెలు కనబడవూ? కలిసి కూర్చుని తింటే నీ సొమ్మేం పోయింది?

మామయ్య


ఏప్రిల్ 20

మామయ్యా,

ఈ ఉత్తరంతో పాటు ఒక పెట్టె వస్తుంది. అందులో చేత్తో పట్టుకుని ఆడే యంత్రం ఉంది. మా ఆట ఇంకా పూర్తిగా తయారవలేదు కానీ నీ భాగం అయింది. ఏ బొత్తాం ఏం చేస్తుందో పెద్ద అక్షరాల్లో రాసి అంటించాను. ఆడి చూడు.

నీ కాపలావాడు ఆఫీసులో అందరికీ ముద్దు. రెండో అంతస్తు తాతయ్య అని పేరు పెట్టారు. నీ మోకాలి మాటకి ప్రతివాడూ నవ్వుతాడు. బూట్ల చప్పుడు దూరం నుంచే వినబడుతుంది కదా, అందరికన్నా తేలిగ్గా తప్పించుకోగలిగేది ఆయన్నే. అందుకని ఆట నేర్చుకునేవాళ్ళకి మొదట ఆయన్నే ఇస్తున్నాం. బీరువా ముందునుంచే పోతాడు, లోపల ఉన్నవాణ్ణి చూడడు! మా ఆఫీసు పెద్దాయన, "ఇంత గుడ్డి కాపలా ఎక్కడైనా ఉంటాడా?" అన్నాడు. "ఉంటాడండీ, నన్ను పెంచింది ఆయనే" అన్నాను. ఆఫీసంతా నవ్వులే నవ్వులు.

నిజం చెప్పు. చిన్నప్పుడు నేను చెక్క బీరువాలో దాక్కుంటే ఇల్లంతా టకటకమంటూ తిరిగేవాడివి. ఒక్కసారైనా పట్టుకున్నావా? ఈ ఉద్యోగం నీకెలా ఇచ్చారో!

నీ పిల్లి


మే 9

పిల్లికి,

ఆడాను. మొదటి రోజు దొంగని గోడకేసి గుద్దడంతోనే సరిపోయింది. రెండో రోజు బీరువాలోకి దూరడం వచ్చింది. మూడో రోజు తాతయ్య వచ్చాడు. నా వీపు నేనెప్పుడూ చూసుకోలేదు, అలా ఉంటుందన్నమాట. వెనక నుంచి కర్రతో కొట్టే బొత్తాం ఉందని రాశావు కదా, దాని మీద వేలు పెట్టాను కానీ నొక్కబుద్ధి కాలేదు. చుట్టూ తిరిగి పోయాను. నువ్వన్నది నిజమే, చిన్నపిల్ల కూడా ఆయన్ని తప్పించుకోగలదు.

ఈ ఆట మనిషిని వదలదే. ఫ్రిజ్ తలుపు చప్పుడు కాకుండా వేస్తున్నాను. ఇంట్లో దీపం వెయ్యబుద్ధి కావడం లేదు. చొక్కా కొనబోతే చెయ్యి నల్లదాని మీదికే పోయింది. నిన్న మెట్ల మీద ఎదురింటావిడ నన్ను చూసి కెవ్వుమని కూరల సంచీ వదిలేసింది. నేను వస్తున్నట్టే తెలియలేదట. ఉల్లిపాయలు ఏరిపెడుతూ, నిజం చెప్పొద్దూ, లోపల కాస్త గర్వపడ్డాను.

రబ్బరు అడుగుల బూట్లు కొన్నాను. ఇక దొంగలకి దండోరా వేసుకుంటూ తిరగను. మన కాపలా గుడ్డిది కాదని నీకూ మీ పెద్దాయనకీ తెలియాలి కదా.

మామయ్య


మే 24

మామయ్యా,

రబ్బరు బూట్లా! శభాష్! ఉత్తరం పట్టుకెళ్ళి ఆఫీసులో చదివి వినిపించాను, చప్పట్లు కొట్టారు. ఆట మనిషి ఇష్టాల్ని మార్చేస్తుందని మా పెద్దాయన ఎప్పుడూ అంటూ ఉంటాడు, నీ నల్లచొక్కా ఆయనకి పెద్ద సాక్ష్యం.

ఇంకొక్కటి కావాలి. దొంగ ఎదురుగా కనబడితే కాపలావాడు ఏమనాలి? మిగతావాళ్ళకి "ఎవరక్కడ!", "పట్టుకోండి!" అని రాశాం. తాతయ్యకి అవి నప్పలేదు. నువ్వయితే ఏమంటావు? నీకు పట్టుకున్న అనుభవం లేదనుకో, ఊహించి రాయి.

పక్కగదుల వాళ్ళ సంగతి అడిగావు. ఇప్పుడు ఇంకా నైపుణ్యం వచ్చింది. వాళ్ళ చెప్పుల చప్పుడుని బట్టి ఎవరెవరో చెప్పగలను.

నీ పిల్లి


జూన్ 12

పిల్లికి,

సెలవులో ఉన్నాను. ఒంట్లో బాగానే ఉంది. నువ్వడిగిన మాట ఇప్పుడు తోచడం లేదు. ఆట యంత్రాన్ని బట్టలో చుట్టి పైన పెట్టాను, పాడు కాలేదు. నువ్వు వేళకి తిను.

మామయ్య


జూన్ 21

మామయ్యా,

జ్వరమొచ్చినా డ్యూటీ మానని మనిషివి, సెలవేమిటి? ఫోను చేస్తే ఈసారి "ఊ" కూడా లేదు, ఉత్త ఊపిరే. నాకు అర్థమైంది. నీకు కోపం వచ్చింది.

వచ్చి తీరాలి. నీ నడక, నీ మాటలు, నీ మోకాలు తీసుకుని ఒక మనిషిని చేశాను. ఆ మనిషిని వెనక నుంచి కర్రతో కొట్టే బొత్తాం పెట్టి నీకే పంపాను. నాకు బుద్ధుందా? నువ్వు నొక్కబుద్ధి కాలేదని రాసినప్పుడైనా తెలుసుకోవాల్సింది.

మా పెద్దాయనతో మూడు రోజులు పోట్లాడాను. ఇప్పుడు తాతయ్య మీద ఎవరూ చెయ్యి వెయ్యలేరు. కొట్టబోతే ఆట అక్కడితో ముగిసిపోతుంది. ఇంకా చాలకపోతే ఆయన్ని ఆటలోంచే తీసేస్తాను, ఒక్క మాట రాయి. నీ కన్నా నాకు ఈ ఆట ఎక్కువ కాదు.

నీ పిల్లి


జూలై 2

పిల్లీ,

కోపం కాదే. కర్ర గురించి అసలే కాదు. తప్పు చేసింది నేను. నీకు చెప్పకుండా దాక్కున్నాను. ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చించాను.

మే నెలాఖరు గురువారం. టీచరమ్మ నీలం కూజా ఎదురుగా కూర్చున్నారు. నేను రబ్బరు బూట్లతో మూడు చుట్లు తిరిగాను. ఆవిడకి ఒక్క అడుగూ వినబడలేదు, కాబట్టి లేవలేదు. అంతకు ముందు రెండు గురువారాలూ ఆవిడకి బస్సు తప్పిపోయిందట. నాకు ఆ ఊహే రాలేదు. వినబడకుండా తిరగడంలో అంత మునిగిపోయాను. ఆ రోజు టైము చూసి, వెనక నుంచి వెళ్ళి, "టీచరమ్మగారూ, నాలుగవుతోంది" అన్నాను. ఆవిడ ఉలిక్కిపడి లేవబోయి బల్లకి కాలు తగిలి పడిపోయారు. కుడి మణికట్టు విరిగింది.

రిపోర్టు పుస్తకంలో "సందర్శకురాలికి కాలు జారింది" అని రాశాను. ఆస్పత్రిలో అడిగితే ఆవిడా అదే చెప్పారట. దాక్కోవడం అంత తేలిక. నన్నెవరూ ఒక్క ప్రశ్న అడగలేదు. నీ శభాష్ ఉత్తరం ఆ మర్నాడే అందింది. ఇక డ్యూటీకి వెళ్ళలేక సెలవు పెట్టాను.

పద్దెనిమిది రోజులు అలా ఉన్నాను. తర్వాత వెళ్ళి మా పెద్ద మేడమ్‌కి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆవిడ చాలాసేపు కాగితాలు సర్ది, "విచారణ అయ్యేదాకా ఇంట్లో ఉండండి" అన్నారు. రిటైరవడానికి పద్నాలుగు నెలలుంది. ఆ అంతస్తు మళ్ళీ ఎక్కుతానో లేదో తెలియదు.

టీచరమ్మ ఇంటికి కూడా వెళ్ళాను. "కాలు జారిందని ఎందుకన్నారండీ?" అంటే, "మీరలా రాశారని మీవాళ్ళు చెప్పారు. ఇన్నాళ్ళూ నాకు టైము చెప్పిన మనిషిని అబద్ధాలకోరు చెయ్యడం ఎందుకని ఊరుకున్నా" అన్నారు. తర్వాత, "ఇంతకీ ఆ బూట్లేమయ్యాయి?" అని అడిగారు. నీ సంగతీ ఆట సంగతీ చెప్పాను. "ఈ వయసులో దొంగబుద్ధులేమిటండీ మీకు?" అని కట్టు కట్టిన చెయ్యి పట్టుకుని నవ్వారు. నవ్వితే నొప్పట.

ఇప్పుడు అసలు మాట. ఆ బూట్లు ఎందుకు మార్చాను? ఆట వల్ల కొంత. ఎక్కువగా నువ్వన్న మాట వల్ల. సరదాకే అన్నావు, నాకు తెలుసు. కానీ "ఒక్కసారైనా పట్టుకున్నావా" అన్నది నన్ను పట్టుకుని వదల్లేదు. ఇన్నేళ్ళూ నేను చెప్పలేదు కాబట్టి తప్పు నీది కాదు.

నువ్వెక్కడున్నావో నాకు ప్రతిసారీ తెలుసే. నీ గౌను అంచు బీరువా తలుపు సందులో ఇరుక్కుని బయటికి కనబడేది.

మీ అమ్మ పోయిన ఏడాది. నీకు ఆరేళ్ళు. మా అక్క బట్టలు ఇంకా ఆ బీరువాలోనే ఉండేవి. నువ్వు వాటిలోకి దూరి కూర్చునేదానివి. దాగుడుమూతలు అని నువ్వు పేరు పెట్టావు, నేనూ సరేనన్నాను. మొదటిసారి తలుపు తీయబోతుంటే లోపల నువ్వు ఏడుస్తున్నది వినబడింది. ఏడుస్తున్న పిల్లతో ఏం మాట్లాడాలో నాకు తెలియదు. ఫోనులోనే మాట్లాడలేనివాణ్ణి, ఎదురుగా ఏం మాట్లాడతాను? తీస్తే సిగ్గుపడతావని ఒక భయం. తీయకపోతే చీకట్లో ఒక్కదాన్నే ఉన్నాననుకుంటావని ఇంకో భయం. అందుకని డ్యూటీ బూట్లు విప్పకుండా ఇల్లంతా తిరిగేవాణ్ణి. నేను ఎక్కడున్నదీ నీకు లోపలికి తెలియాలి కదా. చప్పుడు చాలదేమోనని లాడాలు కొట్టించాను. బీరువా ముందుకొచ్చి ఆగి, "అన్నీ ఉన్నాయి, నేనూ ఉన్నాను" అనేవాణ్ణి. అది మ్యూజియంలో పుట్టిన మాట కాదు. మనింట్లో పుట్టింది. ఆ తర్వాత నోటికి అలవాటై డ్యూటీకి కూడా వచ్చేసింది.

దొంగ ఎదురుపడితే ఏమంటానని అడిగావు. నిజంగా నాకు తెలియదు. నేను ఎప్పుడూ పక్కనుంచి వెళ్ళిపోవడమే నేర్చుకున్నాను. నీ విషయంలో అది సరైనదో కాదో ఇప్పటికీ తెలియదు. బహుశా ఒక్కసారైనా తలుపు తీసి ఉండాల్సింది. తీసి ఉంటే ఇప్పుడు పక్కగదుల వాళ్ళ అడుగులు విని తినే అలవాటు నీకు రాకపోయేదేమో.

మామయ్య


జూలై 10

మామయ్యా,

నీ ఉత్తరం వంటగదిలో చదివాను. ఖాళీగా ఉందనుకుని మొదలుపెట్టాను. గౌను అంచు దగ్గరికి వచ్చేసరికి ఇద్దరమ్మాయిలూ లోపలికి వచ్చారు. వాళ్ళ అడుగులు నాకు వినబడలేదు. అంత నైపుణ్యమూ ఏమైపోయిందో, వెక్కి వెక్కి ఏడుస్తున్నాను.

"ఏమైందండీ?" అంది పొడుగమ్మాయి. "బీరువా" అన్నాను. అంతకన్నా ఏం చెప్పను? వాళ్ళు కుర్చీ లాగి కూర్చోబెట్టి, కంచం పెట్టారు. మామయ్యా, వాళ్ళకి మొదటి నుంచీ తెలుసట. నాకు మనుషులంటే ఇబ్బందేమోనని, నేను వచ్చే వేళకి వాళ్ళే గబగబా తినేసి వంటగది ఖాళీ చేసేవారట. వెళ్ళేటప్పుడు నాకు వినబడాలని కావాలనే చెప్పులు టపటపలాడించేవారట! నేనేమో కనిపెట్టానని మురిసిపోయాను. పిల్లీ పాలూ అని నువ్వు ఫిబ్రవరిలోనే రాశావు.

నిన్ను గుడ్డి కాపలా అన్నాను. ఇరవై రెండేళ్ళు నీ బూట్ల చప్పుడు నాకు నవ్వులాటగా ఉంది. ఆ చీకట్లో భయం వెయ్యకపోవడానికి కారణం అదేనని ఒక్కసారి కూడా తోచలేదు. నిజంగా, లోపల ఏడుపు వచ్చేది కానీ భయం ఎప్పుడూ వెయ్యలేదు. నువ్వు తలుపు తీయకపోవడం తప్పు కాదు. నేను బయటికి వచ్చి చెప్పకపోవడం తప్పు. టీచరమ్మ చేతికి సగం నేను కారణం, వచ్చి ఆవిడకి చెప్పుకుంటాను.

తాతయ్యని మళ్ళీ రాశాను. ఆట ఆడేవాడు బీరువాలో ఉంటే ఆయన ఇప్పుడు అడుగు నెమ్మది చేస్తాడు. బూటు ఇంకాస్త గట్టిగా మోపుతాడు. ఆగి, ఆ మాట అని వెళ్ళిపోతాడు. చూడక కాదు, చూసే. మా పెద్దాయన, "ఇది తప్పు కదా, కాపలావాడు దొంగని వదిలేస్తాడా?" అన్నాడు. నేను జవాబు చెప్పేలోగా, ఆ కిర్రుమెట్లు లెక్కపెట్టే అతను రిపోర్టు పట్టుకొచ్చాడు. గంటసేపు ఆడి ఒక్క వస్తువూ దొంగిలించలేదు, బీరువాలోనే కూర్చున్నాడట. ఎందుకని అడిగితే, "మళ్ళీ వస్తాడు కదా, వింటున్నా" అన్నాడు. మా పెద్దాయన ఆ రిపోర్టు మీద సంతకం పెట్టి వెళ్ళిపోయాడు. తాతయ్య ఉంటాడు.

నీ ఉద్యోగం ఉన్నా పోయినా ఇరవై నాలుగున, గురువారం, మధ్యాహ్నం రెండింటి బస్సుకి దిగుతున్నాను. అన్నీ ఉన్నాయి మామయ్యా. నేనూ ఉన్నాను.

నీ పిల్లి


జూలై 17

పిల్లికి,

పై వారం డ్యూటీలో చేరమన్నారు. తప్పుడు రిపోర్టు రాసినందుకు ఫైల్లో ఒక మచ్చ పడింది, పడాల్సిందే. టీచరమ్మ ఎడంచేత్తో మేడమ్‌కి ఉత్తరం రాశారట: "నేను పడింది ఆయన బూట్లు వినబడక. ఆయన్నే తీసేస్తే ఇక ఎప్పటికీ వినబడవు." అక్షరాలు కోడి కెలికినట్టు ఉన్నాయట కానీ పని జరిగింది.

పాత బూట్లకి కొత్త లాడాలు కొట్టించాను. రబ్బరువి ఎదురింటావిడ చూడకుండా పారేద్దామనుకున్నాను, ఆ బుద్ధి ఇంకా పోలేదు చూశావా. ఆవిడ కళ్ళముందే పారేశాను.

గురువారం నేను డ్యూటీలో ఉంటాను, బస్సు దిగి తిన్నగా పింగాణీ గదికి రా. టీచరమ్మ పక్కన కూర్చో. మూడో చుట్టుకి ముగ్గురం కలిసి కిందికి దిగుదాం.

ఇంటికొచ్చాక ఆ బీరువా జోలికి వెళ్ళకు. కింది అరలో మీ అమ్మ బట్టలు అలాగే ఉన్నాయి, పైదంతా నా సామాను. అందులో ఇక నువ్వు పట్టవు. ఎప్పుడైనా ఏడుపొస్తే కుర్చీలో కూర్చుని ఏడువు. ఏం మాట్లాడాలో నాకు ఇప్పటికీ తెలియదు కానీ, ఎదురుగా కూర్చుంటాను.

మామయ్య